దూది చుట్ట మీద ఒక మాట

మెడికల్ షాపులో కొనే దూది చుట్ట మీద ఏం రాసి ఉంటుందో ఎప్పుడైనా చదివారా? "అబ్సార్బెంట్ కాటన్ ఊల్, ఐ.పి." అని ఉంటుంది. కాటన్ అంటే పత్తి, సరే. ఊల్ అంటే ఉన్ని, అది పోలిక కోసం. ఐ.పి. అంటే ఇండియన్ ఫార్మకోపియా, మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం. మిగిలింది ఆ మొదటి మాట. పిల్లల డైపర్ల మీదా అదే, ప్యాడ్ల మీదా అదే, వంటింట్లో వాడే కాగితపు రుమాళ్ళ మీదా అదే. ఇంట్లో ఆడవాళ్ళం కొనే వస్తువుల మీద ఇన్నిసార్లు కనిపించే ఇంగ్లీషు విశేషణం ఇంకొకటి ఉందా అని నాకు అనుమానం.

తెలుగు బి.ఏ. చదివిన పాపానికి, ఏ మాట చూసినా దాని పుట్టిల్లు ఎక్కడో వెతకడం నాకు అలవాటు. దీని పుట్టిల్లు లాటిన్. "సోర్బేరే" అంటే జుర్రుకోవడం. దాని ముందు "అబ్" చేరిస్తే "అబ్సోర్బేరే", అంటే మిగల్చకుండా మింగేయడం. మన "జుర్రు" లాగే "సోర్బ్" అన్నదాంట్లో కూడా చారు తాగే చప్పుడు వినిపిస్తుంది నాకు. ఐస్‌క్రీం పార్లర్లలో దొరికే సోర్బెట్ కూడా దీని చుట్టమే అనుకుంటాం గానీ, కాదు. అది అరబ్బీ షర్బత్ ఇంటి పిల్ల. ఇటలీ వాళ్ళ నోట్లో పడి రూపం మారిందంతే.

ఫ్రెంచి మీదుగా ఈ క్రియ ఇంగ్లీషులోకి వచ్చింది పదిహేనో శతాబ్దంలో. అప్పుడు దానికి ఈ దూది మెత్తదనం ఏమీ లేదు. సముద్రం ఓడను మింగడం, సుడిగుండం మనిషిని మింగడం, అలాంటి చోట్ల వాడే మాట. మన పురాణాల్లో చెప్పాలంటే అగస్త్యుడు సముద్రాన్ని తాగేయడం, జహ్ను మహర్షి గంగను మింగేయడం లాంటిది. అసలు మనకు "ఔపోసన పట్టడం" అనే జాతీయమే ఉంది కదా. భోజనానికి ముందు అరచేతిలో పోసుకుని తాగే చుక్క నీళ్ళు ఆపోశనం. సముద్రం మొత్తాన్ని ఆ చుక్కలా తాగిన మనిషి అగస్త్యుడు. అందుకే శాస్త్రాలన్నీ చదివినవాడిని ఔపోసన పట్టాడంటాం. చదువు విషయంలో ఇంగ్లీషువాళ్ళూ "అబ్సార్బ్" అనే అంటారు. రెండు భాషలూ ఒకదానికొకటి తెలియకుండానే చదువును తాగే వస్తువుగా చూశాయి.

విశేషణంగా "అబ్సార్బెంట్" వాడుకలోకి వచ్చింది పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో. అదీ మందుల కొట్లో. కడుపులో పులుపు ఎక్కువైతే దాన్ని పీల్చేస్తాయని సుద్దపొడి, పగడపు పొడి, పీతకళ్ళు అని పిలిచే ఒక రకం రాళ్ళ పొడి ఇచ్చేవారు. వాటికి అబ్సార్బెంట్లని పేరు. (పీతకళ్ళంటే కళ్ళు కావు. రొయ్య జాతి జీవి పొట్టలో తయారయ్యే సున్నపు గుళ్ళు. పేరు పెట్టినవాడు పొరబడ్డాడో, అమ్మినవాడు తెలివైనవాడో!) ఆ శతాబ్దం చివరికి వైద్యులు మన ఒంట్లోని రసనాళాలకూ ఈ మాటే వాడారు. లండన్‌లో విలియం క్రుక్‌షాంక్ అనే ఆయన 1786లో మనిషి ఒంట్లోని పీల్చుకునే నాళాల గురించి ఒక పెద్ద పుస్తకమే వేశాడు. అంటే దూదికీ బట్టకీ రాకముందే ఈ మాట కడుపులోనూ నాళాల్లోనూ తిరిగి వచ్చిందన్నమాట.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఒకే క్రియకు ఇంగ్లీషులో ఇద్దరు కూతుళ్ళు. దూది అబ్సార్బెంట్, మంచి నవల అబ్సార్బింగ్. దూది నీళ్ళను మింగుతుంది, నవల మనల్ని మింగుతుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయంటే తప్పు మనది కాదు, నవలది.

మరి దీన్ని తెలుగులో ఏమనాలి? స్కూలు పుస్తకాల్లో "శోషణ" అని ఉంటుంది. అది సంస్కృతం, ఎండిపోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. ఉపవాసం ఉండి శోష వచ్చి పడిపోయింది అంటామే, ఆ శోషే. హిందీలో ఇదే మాటకు దోపిడీ అని అర్థం. మన నోటి మాటలు రెండు: పీల్చుకోవడం, ఇంకడం. ఈ మాటల్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు భలే ఆశ్చర్యం వేసింది. జరిగే పని ఒకటే. కానీ "పీల్చింది" అంటే కర్త దూది. "ఇంకింది" అంటే కర్త నీరు. "శోషించింది" అన్నప్పుడు మనసు ఎండిపోయినదాని వైపు పోతుంది. లాటిన్ వాడు మాత్రం మింగిన నోటినే చూశాడు. ఆ లాటిన్ మాటకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే తెలుగు నాకు తట్టింది వేరే ఉంది: దిగమింగడం. కన్నీళ్ళను, కోపాన్ని, అవమానాన్ని దిగమింగడం. ఇది ఎక్కువగా ఎవరి గురించి వాడతామో మీకు చెప్పనక్కర్లేదు.

సరే, దూది దగ్గరికి వద్దాం. దూది నీళ్ళు పీల్చుకోవడం పుట్టుకతో వచ్చిన గుణమనుకుంటాం. కాదు. కావాలంటే ఇంట్లోనే చూడండి. వత్తులు చేసుకునే చెట్టు పత్తి చిన్న ముద్ద తీసుకుని గిన్నెలో నీళ్ళ మీద వేయండి. తేలుతుంది. చాలాసేపు తేలుతూనే ఉంటుంది. మెడికల్ షాపు దూది వేయండి, చూస్తూ ఉండగానే మునిగిపోతుంది. ఫార్మకోపియా పరీక్ష కూడా దాదాపు ఇదే. దూది 10 సెకన్లలో మునగాలి, ఒక గ్రాము దూది కనీసం 23 గ్రాముల నీటిని పట్టుకోవాలి. అప్పుడే దానికి ఆ విశేషణం పెట్టుకునే హక్కు.

తేడా ఏమిటంటే మైనం. పత్తి నారకు పైన సన్నటి మైనపు పొర ఉంటుంది, బరువులో నూటికి దాదాపు ఒక పాలు. వాన తగిలినా కాయలోని గింజ తడవకుండా ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఆ మైనం వల్లే పత్తికి నీళ్ళు పడవు, నూనె పడుతుంది. దీపారాధనకు చెట్టు పత్తి వత్తే బాగా వెలుగుతుందని మా నాయనమ్మ పట్టుబట్టేది. ఆవిడకు మైనం సంగతి తెలియదు, వత్తి సంగతి తెలుసు.

ఆ మైనం పోవాలంటే పత్తిని క్షారంలో ఉడకబెట్టాలి. యూరప్‌లో పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఇది పెద్ద ఎత్తున మొదలైంది. జర్మనీలో విక్టర్ ఫాన్ బ్రున్స్ అనే శస్త్రవైద్యుడు కొవ్వు తీసిన దూదిని గాయాలకు కట్టాడు. హైడెన్‌హైమ్ ఊళ్ళో పాల్ హార్ట్‌మన్ కంపెనీ 1873లో దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేయడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ క్వీన్స్ ఆసుపత్రి డాక్టరు జోసెఫ్ శాంప్సన్ గామ్‌జీ 1880లో ఈ దూదిని రెండు గాజుగుడ్డ పొరల మధ్య పెట్టి కట్టు తయారుచేశాడు. ఆ ఊళ్ళో దూదినే గామ్‌జీ అనడం అలవాటైపోయింది. అక్కడే పెరిగిన టోల్కీన్ తన "లార్డ్ ఆఫ్ ద రింగ్స్"లో శామ్ గామ్‌జీ పేరు అక్కడినుంచే తెచ్చుకున్నాడు. సినిమా చూసిన మీ పిల్లలకు చెప్పండి, నవ్వుకుంటారు.

అయితే క్షారంలో ఉడకబెట్టడం మనకేమీ కొత్త కాదు. కోరా బట్ట అంటే తెలుసు కదా, మగ్గం మీంచి దిగినట్టే ఉన్న బట్ట. అది నీళ్ళు పీల్చదు. కొత్త తువ్వాలు ఒళ్ళు తుడిస్తే నీళ్ళు అటూ ఇటూ జరుగుతాయి తప్ప పోవు. చాకళ్ళు చౌడు మన్నులో బట్టలు నానేసి, బానలో ఉడకేసి చలువ చేసేవారు. చౌడులో ఉన్నది క్షారమే. చలువ బట్ట మెత్తగా, తెల్లగా, నీళ్ళు పీల్చేదిగా మారేది అందుకే. ఎన్నిసార్లు ఉతికితే అంత. పసిబిడ్డ పొత్తిగుడ్డలకు కొత్త బట్ట వద్దు, పాత పంచె చింపమని పెద్దవాళ్ళు చెప్పింది మెత్తదనం కోసమే అనుకుంటాం గానీ, పీల్చే గుణం కోసం కూడా. నెలసరికి పాత చీర ముక్కలు దాచుకోవడమూ అంతే. ఆ పాత చీర మీద అబ్సార్బెంట్ అని ఎవరూ రాయలేదు. రాయక్కర్లేకపోయింది.

ఆ బట్టల్ని ఉతకడం, ఎవరి కంటా పడకుండా ఆరేయడం ఎంత నరకమో మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పైన ఒక లంగా కప్పి ఆరేయడం, వానాకాలంలో అవి సరిగ్గా ఆరక, తడిగానే పెట్టుకోవడం. దాన్ని "పాతకాలపు మంచి పద్ధతి" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. బట్ట మంచిదే, దాన్ని దాచాల్సి రావడం మంచిది కాదు.

దాచడం అనే సంగతి అమెరికాలో కూడా ఉంది. 1890లలో జాన్సన్ అండ్ జాన్సన్ వాళ్ళు వాడి పారేసే ప్యాడ్లు "లిస్టర్స్ టవల్స్" అని అమ్మబోతే కొనేవాళ్ళు రాలేదు. కొట్లో మగవాడిని అడగాలి కదా మరి. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుపాకి మందు తయారీకి పత్తి కావాల్సి వచ్చేసరికి గాయాలకు దూది కరువైంది. బ్రిటన్‌లో ఆడవాళ్ళూ పిల్లలూ కొండ చిత్తడి నేలల్లో స్పాగ్నమ్ అనే నాచు ఏరి, ఎండబెట్టి, సంచుల్లో కుట్టి పంపారు. అది తన బరువుకు 20 రెట్ల దాకా తడి పట్టుకుంటుంది. 1918 నాటికి నెలకు పది లక్షల నాచు కట్లు తయారయ్యాయి. అమెరికాలో కింబర్లీ క్లార్క్ అనే కాగితాల కంపెనీ చెక్క గుజ్జుతో సెల్యుకాటన్ అని ఒకటి చేసింది. పత్తికన్నా ఎక్కువ పీల్చేది, చవక కూడా. యుద్ధంలో ఆసుపత్రులకు పంపింది. అక్కడి నర్సులు ఎవరికీ చెప్పకుండా దాన్ని తమ నెలసరికి వాడుకున్నారు. యుద్ధం అయిపోయి, సరుకు మిగిలిపోయాక కంపెనీ ఆ సంగతి పట్టుకుని 1920లో కోటెక్స్ తెచ్చింది. కాటన్, టెక్స్‌చర్ అన్న మాటలు కలిపిన పేరు అది. ఈసారి సిగ్గుకు ఒక ఉపాయం దొరికింది. కౌంటరు మీద ప్యాకెట్లూ పక్కన ఒక డబ్బా పెట్టారు. డబ్బులు డబ్బాలో వేసి ప్యాకెట్టు తీసుకుని మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు. ఇక్కడ మన కొట్లలో నల్ల కవరు చేసే పని అక్కడ ఆ డబ్బా చేసింది.

అప్పటినుంచి ఆ విశేషణం మన వస్తువుల మీద స్థిరపడిపోయింది. గమనించండి, ఏది పీల్చుకుంటుందో రాస్తారు, దేన్ని పీల్చుకుంటుందో రాయరు. ప్రకటనల్లో నీలం రంగు నీళ్ళు పోసేవారు. బ్రిటన్‌లో బాడీఫామ్ అనే కంపెనీ 2017లో ఎర్రటి ద్రవం చూపిస్తే ప్రపంచమంతా వార్త అయింది.

ఇంకో తిరకాసు ఉంది. పీల్చడం వేరు, పట్టి ఉంచడం వేరు. కోయంబత్తూరులో అరుణాచలం మురుగనాథం తన భార్య కోసం దూదితో ప్యాడ్లు చేస్తే అవి పనికి రాలేదు. చాలాకాలం కుస్తీ పట్టాక తెలిసిందాయనకు, కంపెనీలు వాడేది దూది కాదు, చెక్క గుజ్జు నార అని. దూది పీల్చుకుంటుంది గానీ ఒత్తిడి పడితే వదిలేస్తుంది. ఈ కష్టాన్ని తీర్చింది అమెరికాలో పియోరియా ఊళ్ళోని వ్యవసాయ పరిశోధనశాల. అక్కడ మొక్కజొన్న పిండితో ఒక పొడి చేశారు. నీళ్ళు తగలగానే వందల రెట్లు ఉబ్బి జెల్లీలా అవుతుంది, పిండినా వదలదు. సబ్జా గింజలు నానబెట్టినప్పుడు చూస్తామే, అలాంటి పని, కాకపోతే ఎన్నో రెట్లు. అలాంటి రసాయనపు పొడులే 1980ల నుంచి డైపర్లలోనూ ప్యాడ్లలోనూ చేరాయి. అబ్సార్బెంట్ కాస్తా "సూపర్ అబ్సార్బెంట్" అయింది. ప్యాడ్లు పలచబడ్డాయి. మట్టిలో కలవని చెత్త పెరిగింది. అది ఇంకో రోజు రాస్తాను.

ఎక్కువ పీల్చడమే మంచిదన్న నమ్మకానికి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. 1980లో అమెరికాలో, బాగా ఎక్కువ పీల్చే టాంపన్లు వాడిన ఆడవాళ్ళలో టాక్సిక్ షాక్ అనే జబ్బు కనబడింది, ప్రాణాలు పోయాయి. రిలై అనే రకాన్ని ఆ సెప్టెంబరులో మార్కెట్లోంచి వెనక్కు తీసుకున్నారు. అప్పటిదాకా ఒక కంపెనీ "రెగ్యులర్" ఇంకో కంపెనీ "సూపర్" కన్నా ఎక్కువ పీల్చేది కూడా. ఏ కొలతా లేదు. బోస్టన్ మహిళా బృందంలోని ఎస్తర్ రోమ్ లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా పోరితే, 1990 నుంచి అక్కడ గ్రాముల లెక్కన పేర్లు పెట్టడం తప్పనిసరి అయింది. ఆరు నుంచి తొమ్మిది గ్రాములు పీలిస్తే రెగ్యులర్, తొమ్మిది నుంచి పన్నెండు దాకా సూపర్, ఇలా. ఒక విశేషణానికి అంకె తగిలించడానికి పదేళ్ళు పట్టింది.

ఆ అంకె మనకెందుకు అంటారా? మా తోడికోడలు సంగతి చెబుతాను. రెండేళ్ళుగా మెట్లు ఎక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం. పని ఎక్కువై అలసట అనుకుంటూ వచ్చింది. తీరా పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడు. నెలసరి ఎక్కువ అవుతోందా అని డాక్టరమ్మ అడిగింది. "లేదండీ, రోజుకు మూడే మారుస్తాను" అంది. డాక్టరమ్మ ఏ ప్యాడ్ అని అడిగింది. రాత్రిళ్ళకు వాడే పెద్దవి. ఆ మూడూ ఆవిడ పెళ్ళయిన కొత్తలో వాడిన బట్టలైతే ఎన్ని అయ్యేవో! పైకి పొడిగా ఉంటుంది కాబట్టి, పోతున్నది ఎంతో ఒంటికి తెలుస్తోంది గానీ కంటికి తెలియలేదు. నెలసరి మొత్తానికి 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క అని డాక్టర్లు చెబుతారు. ఇంట్లో ఎవరు కొలుస్తారు? డబ్బా మీద రాసి ఉన్న మాటే మనకు గతి.

డబ్బా మీది మాట ఎలా పుట్టిందో చూస్తే ఇంకా విచిత్రం. పరీక్షలు చాలావరకు ఉప్పునీళ్ళతోనో రంగునీళ్ళతోనో చేస్తారు. మన దేశపు పాత ప్రమాణంలో 30 మిల్లీలీటర్ల రంగునీళ్ళు గానీ, గొర్రె మేకల రక్తం గానీ పోసి చూడమని ఉండేది. అది కొంత నయం. ఇప్పుడు అమ్మే రకరకాల వస్తువులు మనిషి రక్తాన్ని ఎంతెంత పట్టుకుంటాయో పక్కపక్కన పెట్టి కొలిచిన పరిశోధన అమెరికాలోని ఒరెగాన్ వైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది, 2023లో. మీరు చదివింది సరైన సంవత్సరమే. చంద్రుడి మీద మనిషి అడుగుపెట్టి యాభై ఏళ్ళు దాటాక.

21 రకాలు పరీక్షించారు. అన్నిటికన్నా ఎక్కువ పట్టింది లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ డిస్క్, సగటున 61 మిల్లీలీటర్లు. తమాషా ఏమిటంటే అది పీల్చనే పీల్చదు, ఒట్టి గిన్నె. పీల్చుకుంటుందని పేరున్న పీరియడ్ లోదుస్తులు నెమ్మదిగా పోస్తే పట్టింది రెండు మిల్లీలీటర్లు. ప్యాడ్లు, టాంపన్లు, కప్పులు ఇరవై, యాభై మధ్యలో. మా తోడికోడలు ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటూ, ఫోన్లో తేదీల పక్కన ఏ సైజు ప్యాడ్, ఎంత తడిసింది అని రాసుకుంటోంది. పోయిన నెల డాక్టరమ్మ ఆ లెక్క చూసి, స్కానింగ్ రాసిచ్చింది.